బుడగల తాతయ్య మార్చిన మాట

మా పై వాటాలో ఉండే పెద్దాయన్ని పిల్లలు బుడగల తాతయ్య అంటారు. బొమ్మల కథల్లో మనుషుల నోటి పక్కన ఉండే బుడగల్లో మాటలు రాయడం ఆయన పని. ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవారు. కళ్ళు తిరిగి నిచ్చెన మీంచి పడ్డాక ఈ పనికి వచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. సాయంత్రమైతే మా అమ్మాయి అక్కడే. నాకు మాత్రం మొదటి నుంచీ అనుమానమే: ఆ సిరాలో ఏం కలుపుతారో, కిటికీ ఎందుకు మూసుకుంటారో. రసాయనశాస్త్రం చదివిన తల్లికి ప్రతి సీసా విషంలాగే కనిపిస్తుంది.

ఒకరోజు పాపను తీసుకురావడానికి పైకి వెళ్ళేసరికి, ఆ బొమ్మల కథలు అచ్చేసే ప్రెస్సు యజమాని కోపంతో ఊగిపోతూ ఉన్నాడు. రాబోయే సంచికలో రాగిరెక్క అనే వీరుడు బలమంతా పోగొట్టుకుని, తను కాపాడిన జనం చేతే రాళ్ళదెబ్బలు తిని, ఊరు విడిచిపోతాడు. పుస్తకం ఇంకా అచ్చే కాలేదు. వీధిలో పిల్లలు మాత్రం అప్పుడే "తిరిగొస్తాడు" అని పందాలు కాస్తున్నారు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. కథ ఎవరికి చెప్పారు మాస్టారూ? నిజం చెప్పండి, లేదంటే ఈ నెలతో మీకో దణ్ణం."

తాతయ్య కలం తుడుచుకుంటూ కూర్చున్నారు. నా అనుమానమూ ఆయన మీదికే పోయింది.

"తాతయ్య ఏం చెప్పలేదు," అంది మా అమ్మాయి. "ఆరబెట్టిన కాగితం నేనే చూశా. రాగిరెక్క వెళ్ళొస్తా అన్నాడుగా. రానివాడు అలా అనడు. నేనే అందరికీ చెప్పా."

యజమాని ఆ పేజీ అందుకున్నాడు. కథలో రాసిచ్చిన మాట 'పోతున్నా'. బుడగలో ఉన్నది 'వెళ్ళొస్తా'.

"మార్చారా?"

"కావాలని కాదు బాబూ. గడప దాటే మనిషి బొమ్మ కనబడగానే చెయ్యి అలా పోయింది."

"కొంప ముంచారు. చదివినవాడు నెల్లాళ్ళు కుమిలిపోవాలండీ. దిద్దండి, నా ఎదుటే."

ఆయన ఆ మాట మీద తెల్లరంగు పూశారు. ఆరాక కలం ఆనించి, ఆగి, పక్కన పెట్టేశారు.

"ఖాళీగా వదిలేద్దాం. అంత దెబ్బ తిన్నవాడికి నోట మాటెక్కడిది?"

యజమాని పేజీని దూరంగా పట్టుకుని చూశాడు. తలవంచుకున్న వీరుడు, పక్కన తెల్లటి బుడగ. దాన్ని అలాగే సంచీలో పెట్టుకున్నాడు. అందులోంచే తర్వాతి సంచిక పేజీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవైనా తలుపేసుకుని ఆరబెట్టండి," అని దిగి వెళ్ళిపోయాడు.

చెయ్యి నిజంగా దానంతటదే పోయిందంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. మా అమ్మాయైతే అసలే నమ్మలేదు.

"వస్తాడా తాతయ్యా?"

ఆయన ఆ పేజీల కట్టను తొడ కిందికి జరుపుకున్నారు. "నాకేం తెలుసే."

"మరి దాని మీదెందుకు కూర్చున్నావు?"