ఐదో నంబరు కార్డు

మంగళవారం పొద్దున ఏడుంబావుకు సారు కూతురు ఫోన్ చేసింది. "బాపు పోయిండు పెద్దమ్మా" అని ఒక్క మాట అన్నది. నాకు ఓదార్చడం చేతకాదు. "ఏ టైముకు?" అని అడిగాను. "ఐదున్నరకు" అన్నది. క్యాలెండరు మీద ఆ తేదీ పక్కన ఐదున్నర అని రాసుకున్నాను.

ఆయన నాకు బంధువు కాదు. శామీర్‌పేటలో ఇరవై రెండేళ్లు ఒకే బడిలో పనిచేశాం. ఆయన చరిత్ర చెప్పేవారు, నేను తెలుగు చెప్పేదాన్ని. కుర్రతనంలో ఆయన చర్చిలో ఫాదర్ కావాలని సెమినరీలో చేరి, తొమ్మిదేళ్లు చదివి, తీరా చివరి ఏడాది బయటికి వచ్చేశారు. ఎందుకని ఎవరడిగినా "అన్నం మంచిగ లేకుండె" అనేవారు. అక్కడి నుంచి వెంట తెచ్చుకున్నది లాటిన్ ఒక్కటే. దాన్ని ఏం చేసుకోవాలో తోచక, లాటిన్ మాటలకు తెలుగులో నిఘంటువు రాయడం మొదలుపెట్టారు. ఎవరికి కావాలి అని మీరడుగుతారు. నేనూ అడిగాను. "ఎవలకు వద్దో చెప్పున్రి టీచరమ్మా, ఆళ్లకు ఇయ్య" అన్నారు.

ఆ పనికి ఆయనకొక పద్ధతి ఉండేది. పిల్లల ఇళ్ల నుంచి పాత పెండ్లి కార్డులు తెప్పించి, సగానికి కత్తిరించి, వెనకవైపు రాసేవారు. ఒక అర్థానికి ఒక కార్డు. అర్థం కింద తెలుగు వాక్యం ఒకటి ఉండాలి. అది పుస్తకంలోది కాకూడదు, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరో నిజంగా అన్నదై ఉండాలి. "అర్థం పుస్తకంల దొరుకుతది, వాడుక నోట్లనే దొరుకుతది" అనేవారు. కార్డులన్నీ బూట్ల డబ్బాల్లో అక్షర క్రమంలో నిలబెట్టేవారు. వాటికి రిజిస్టరు రాసేదాన్ని నేను.

ఒకసారి ఆయన తానే ఒక వాక్యం అల్లి ఎవరో అన్నట్టు రాస్తే పట్టుకున్నాను. అప్పటి నుంచి నేనొక నియమం పెట్టించాను. శనివారం ఒంటిపూట బడి అయ్యాక స్టాఫ్ రూములో కార్డును పైకి చదవాలి. అన్న మనిషి విని, "నేనన్నదే" అని సంతకం పెట్టాలి. కాదంటే ఆ కార్డు చింపేయాలి. ఆ నియమం నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు నాకు తెలియదు.

"మిలిత్సియా" అనే మాట దగ్గర మేం రెండు నెలలు ఆగిపోయాం. పేపర్లలో కనబడే మిలీషియా దీని మనవడే కాని, వాడికి తాత పోలికలు తక్కువ అని సారు చెప్పేవారు. రోమన్లకు అది సిపాయి చేసే కొలువు. ఒకటో కార్డు అది. ఇల్లు కాక దండు ఉన్న చోటు రెండో అర్థం. "ఇంటా దండులోనా" అని రెండింటినీ జంటగా అనడం వాళ్లకు అలవాటట. మూడోది సిపాయిలందరినీ కలిపి అనే మాట. తర్వాతి కాలంలో కత్తి పట్టని గుమాస్తా సర్కారు నౌకరికి కూడా ఆ పేరే వచ్చింది. అది నాలుగోది.

రెండో కార్డుకు వాక్యం మా ఇంట్లోనే దొరికింది. మా ఆయన మిలిటరీలో ఉండేవారు. దేవరయాంజాల్‌లో మా అత్తగారు పక్షవాతంతో మంచంలో ఉండి కూడా, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకూ ఒకే లెక్క చెప్పేది: "మా పెద్దోడు దండుల ఉన్నడు, కోడలు ఇంట్ల ఉన్నది." సారు సైకిలు మీద వచ్చి కార్డు చదివి వినిపించి ఆమె వేలిముద్ర వేయించుకున్నారు. "నా మాటకు గింత ఇలువున్నదా సారూ?" అని ఆమె రోజంతా ఆ సిరా వేలు చూసుకుంది.

ఇరవై నాలుగేళ్ల సర్వీసు తర్వాత మా ఆయన తిరిగి వచ్చారు. ఊళ్లో సన్మానం చేశారు. కార్డులు అచ్చు వేయించారు, బ్యాండు పెట్టారు, శాలువా కప్పారు, దేశసేవ అని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నేను లోపల నూట నలభై మందికి చాయ్ పోశాను. ఆ ఇరవై నాలుగేళ్లలో ఆయన ఇంట్లో ఉన్నది ఏడాదికి రెండు నెలలు. ఇద్దరు పిల్లలు, మంచంలో అత్తగారు, రెండెకరాల పొలం, బడి నా చేతిలో ఉండేవి. ఆ సభలో నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలని నేనూ అనుకోలేదు. అయితే సోమవారం బడికి వెళ్లి, హాజరు పట్టీ ముందేసుకుని కూచున్నప్పుడు సారు "సన్మానం మంచిగైందా టీచరమ్మా?" అని అడిగారు.

"మంచిగనే అయింది. ఆయన డ్యూటీ దిగిండు. నన్ను దింపెటోళ్లెవలు?" అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యమైంది. సారు జేబులోంచి పెన్ను తీశారు.

ఆ శనివారం మా ఆయన నన్ను తీసుకుపోవడానికి స్కూటరు మీద వచ్చారు. వచ్చి స్టాఫ్ రూములోనే కుర్చీ వేసుకుని కూచున్నారు. సారు తన ధోరణిలో ఉన్నారు. మిలిత్సియాకు కొత్త అర్థం దొరికిందని సంబరంగా లేచారు. యుద్ధం లేకపోయినా తప్పించుకోలేని కష్టమైన కొలువు దేన్నైనా రోమన్లు పోలికగా ఆ మాటతో చెప్పేవారని, అది ఐదో కార్డని చెప్పి, నా వాక్యం పైకి చదివారు. ఎవరున్నారో చూడకుండా చదవడం ఆయన తప్పు. ఆ ఒక్క తప్పే ఆయనది.

ఆయన చేతిలోని కార్డు ముందువైపు మా ఆయనకు ఎదురుగా ఉంది. "అరె, గది నా ఫంక్షన్ కార్డే గదా సారూ. నా పేరు సగానికి కోసిండ్రు" అని మా ఆయన నవ్వారు. తర్వాత నవ్వు ఆపి నా వైపు చూశారు. "గీ మాట నువ్వన్నవా?"

పెన్ను నా ముందు పెట్టి ఉంది. గదిలో నలుగురు టీచర్లు ఉన్నారు.

"నేనట్ల అనలే" అన్నాను.

"నువ్వనవని నాకెర్కే" అని మా ఆయన మళ్లీ నవ్వారు. "సారు చెవులకు ఏమన్న అయిందేమో, సూపిచ్చుకోన్రి సారూ."

అందరూ నవ్వారు. సారు కూడా చిన్నగా నవ్వారు. "అయ్యుంటది. వయసు మీద పడ్తాంది గద" అన్నారు. ఆయనకప్పుడు నలభై ఆరేళ్లు. నియమం ప్రకారం కార్డు చింపాలి. ఆయన చింపలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను రిజిస్టరు తెరిచి, "మిలిత్సియా, ఐదు: రద్దు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నా జీవితంలో తెలిసి రాసిన తప్పుడు ఎంట్రీ అదొక్కటే.

వారం తర్వాత ఇంకో అర్థం వచ్చింది, దేవుడి పనిలో ఉండడం అని. నేను దానికి ఐదు అని వేశాను. సారు రబ్బరుతో చెరిపి ఆరు వేశారు. పిల్లలతో ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవారు: "తెల్వకుంటే ఖాళీ వదులున్రి, అబద్ధం మాత్రం నింపకున్రి." ఆ రోజు నాతో ఆ మాట అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాటలో నిజం బయటపడేది. ఆయన మర్యాద నాకు ఆ దారి కూడా మూసింది. ఆ తర్వాత పదిహేనేళ్లు ఒకే బల్ల మీద చాయ్ తాగాం. ఒక్కసారి కూడా ఆయన ఆ కార్డు సంగతి ఎత్తలేదు.

మా ఆయన పోయి ఆరేళ్లయింది. నేను ఎన్నడూ కోపం చేసుకోని మనిషినని చివరి దాకా అందరికీ చెప్పుకున్నారు.

ఏడో రోజు ప్రార్థన అయ్యాక గాజులరామారంలో సారు కూతురి ఫ్లాటుకు వెళ్లాను. మంచం మీద ఇరవై మూడు బూట్ల డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఏదో కాలేజీ లైబ్రరీ వాళ్లు తీసుకుపోతామన్నారట. రిజిస్టరుతో సరిచూశాను. అన్నీ ఉన్నాయి. ఎం అక్షరం డబ్బాలో మిలిత్సియా దగ్గర ఒకటి, అత్తగారి వేలిముద్రతో రెండు, మూడు, నాలుగు, ఆరు.

"పెద్దమ్మా, బాపు కండ్లద్దాల డబ్బాల గిది ఉండె" అని ఆ అమ్మాయి రెండుగా మడిచిన కార్డు తెచ్చి ఇచ్చింది. "మీ పేరున్నది."

ఒకవైపు బంగారు రంగు అచ్చులో మా ఆయన పేరు, సగమే. రెండోవైపు నా వాక్యం, నా పేరు, ఊరు, తేదీ. సాక్షి అన్న చోట సారు సంతకం. అన్నవారు అన్న చోట ఖాళీ. అంతకు మించి ఒక్క అక్షరం అదనంగా లేదు.

సంతకం పెట్టాను. ఈనాటి తేదీ వేశాను. నియమం నేను పెట్టిందే కనుక లేచి నిలబడి పైకి చదివాను. "ఆయన డ్యూటీ దిగిండు. నన్ను దింపెటోళ్లెవలు?" వినవలసిన మగవాళ్లిద్దరూ లేరు. సారు కూతురు తండ్రి దుప్పట్లు మడత పెడుతూ ఉంది. ఆయన మంచాన పడ్డ మూడేళ్లు, జీడిమెట్లలో ఉద్యోగం వదిలేసి ఆ అమ్మాయే చూసుకుంది. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"ఇంకోపారి సదువున్రి పెద్దమ్మా" అన్నది.

చదివాను.

తర్వాత కార్డును నాలుగుకూ ఆరుకూ మధ్య పెట్టాను. ఇన్నేళ్ల మడత సాపు కాలేదు. కిందికంటా దిగక, అన్నిటికన్నా పైకి లేచి నిలబడింది. డబ్బా మూత పెట్టి చూశాను, పడలేదు. మళ్లీ ఒత్తలేదు.