రెండు బైట్ల తప్పు పట్టుకున్న మా సరోజక్క

నిన్న పొద్దున ఆఫీసులో ఉండగా పెదనాన్న ఫోన్ చేశాడు.

"పాపా, మీ అక్క మరి లేదే."

ఏ అక్క అని అడిగాను. నాకున్నది ఒక్కతే అక్క. అయినా అడిగాను.

సరోజక్క మా పెదనాన్న కూతురు. అక్కుపల్లి దగ్గర మా ఊళ్ళో జీడితోటల్లో పెరిగింది. టెక్కలిలో ఇంజినీరింగ్ చదివి, విశాఖలో డయాలసిస్ మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీలో చేరింది. తర్వాత నన్నూ అదే టీమ్‌లోకి లాక్కుంది.

కొన్నాళ్ళకి అక్క కిడ్నీలే పాడయ్యాయి.

ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఈ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. భయపడతారు, అంతే.

అక్క ఉద్యోగం మానలేదు. ఇంటికొచ్చేసి, వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ చేయించుకునేది. నీళ్ళు కూడా డాక్టర్ చెప్పినన్నే తాగాలి. ఎడమ చెయ్యి మిషన్‌కి ఇచ్చి, కుడి చేత్తో ల్యాప్‌టాప్ మీద పనిచేసేది.

అక్క పని స్టాటిక్ ఎనాలిసిస్. ప్రోగ్రామ్‌ని నడపకుండా, కోడ్ చదివి తప్పులు పట్టే టూల్ ఒకటి ఉంటుంది. దాన్ని సరిగ్గా సెట్ చేసి, మిషన్ బయటికి వెళ్ళేముందు రిపోర్టు మీద సంతకం పెట్టడం.

పోయినేడు కొత్త మోడల్ బయటికి వెళ్ళాల్సిన వారం. రిపోర్టులో ఒక్క వార్నింగూ లేదు. మేం స్వీట్లు కూడా పంచేసుకున్నాం.

వీడియో కాల్‌లో, డయాలసిస్ బెడ్ మీది నుంచి అక్క ఒక్కటే అడిగింది.

"ఏ ప్రాసెసర్‌కని సెప్పి సెక్ సేసినారు?"

సెట్టింగ్ తెరిచి చూశాను. మా ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఉంది.

ఈసారి ఆ సెట్టింగ్ పెట్టింది నేనే.

మిషన్‌లో ఉన్నవి వేరే చిప్‌లు. స్క్రీన్‌కి ఒకటి, రక్తం పంపుకి చిన్నది ఒకటి. ల్యాప్‌టాప్‌లో మామూలు అంకెకి నాలుగు బైట్ల చోటుంటుంది. పంపు చిప్‌లో రెండే. ముప్పై రెండు వేల చిల్లర దాటితే అంకె మైనస్‌లోకి తిరిగిపోతుంది.

"టెస్టుల్లో బాగానే నడిచింది కదమ్మా, తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అన్నారు మేనేజర్ గారు.

"సార్, దాని మీద పడుకునీది మా ఊరోళ్ళు. నాను సంతకం ఎట్టను."

అంతే. గొంతు పెంచలేదు. కాల్ కూడా కట్ చేయలేదు. ఆయన ఒప్పుకునేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

ఒక్కో చిప్‌కి ఒక్కో కాన్ఫిగరేషన్ ఫైల్ రాసింది. ఈసారి నలభై పైన వార్నింగులు వచ్చాయి. చాలావరకు ఉత్తవే. అయినా మూడు డయాలసిస్‌ల పాటు ఒక్కొక్కటీ చదివింది.

తప్పు దొరికింది. నిమిషానికి మూడొందల మిల్లీలీటర్ల రక్తం, దాన్ని నిమిషాలతో గుణించే చిన్న లైను. నూట పదో నిమిషానికి అంకె పట్టదు.

మా టెస్టులన్నీ గంటలోపే ఆపేసేవాళ్ళం. డయాలసిస్ నాలుగు గంటలు.

ల్యాబ్‌లో సెలైన్ పెట్టి మిషన్ ఆన్ చేశాం. మేనేజర్ గారు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. గంటా యాభై నిమిషాలకి లెక్క మైనస్‌లోకి తిరిగి, పంపు ఆగిపోయింది.

అక్కడ మనిషి ఉంటే గొట్టాల్లో రక్తం గడ్డకట్టేది.

ఆయన అక్కకి తనే ఫోన్ చేసి సారీ చెప్పారు. మోడల్ ఆలస్యంగా వెళ్ళింది, సరిగ్గా వెళ్ళింది.

నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే, "ఏటే, ఏడిస్తే సెట్టింగ్ మారిపోద్దేటి? కూకో. నేరిపిత్తాను" అంది.

నేర్పింది. చిప్ మాన్యువల్ ఎలా చదవాలో, ఏ అంకెకి ఎన్ని బైట్లో, టూల్ "బాగుంది" అన్నప్పుడు దేన్ని చూసి అంటోందో.

మొన్న సాయంత్రం గుండె ఆగిందట. ముప్పై ఎనిమిదేళ్ళు.

సోమవారం కొత్త చిప్‌తో ఇంకో బోర్డు వస్తోంది. దాని కాన్ఫిగరేషన్ నేను రాస్తాను. ఎవరు ఎంత తొందరపెట్టినా, మొత్తం చదవకుండా నేనూ సంతకం పెట్టను.

వెళ్ళిరా అక్కా. ఇన్నేళ్ళూ గ్లాసులతో కొలుచుకుని తాగావు. ఇంక కడుపు నిండా నీళ్ళు తాగి, సల్లగా పడుకో.