వెర్నర్ కత్తిరించిన కాగితం

ఫోబోర్ అనే రేవు ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసే ప్రెబెన్ చేతులు మహా మొరటు. గోళ్ళ సందుల్లో గొలుసు నూనె ఎన్నిసార్లు కడిగినా పోదు. ఆ చేతులతోనే పదహారేళ్ళప్పుడు తనకోసం అల్లికలాంటి కాగితం కత్తిరించాడని అతని భార్య గ్రేటె ఇరవై రెండేళ్ళుగా నమ్ముతోంది. దాన్ని పటం కట్టించి వంటింట్లో తగిలించింది. ప్రెబెన్ ఆ గోడకి వీపు పెట్టి కూర్చునే తింటాడు.

కత్తిరించింది అతని స్నేహితుడు వెర్నర్. ఈస్టర్ ముందు పేరు రాయని చీటీలు పంపుకోవడం అక్కడి సరదా. కాగితం మడిచి పువ్వుల్లా కత్తిరించి, రెండు లైన్ల పాట రాసి, పేరు చోట చుక్కలు పెట్టి, మంచు కరిగేటప్పుడు పూసే తెల్లపువ్వొకటి అంటిస్తారు. పంపిందెవరో అందుకున్న పిల్ల కనిపెట్టేస్తే పంపినవాడు ఓడినట్టు. ఆమెకి మిఠాయి గుడ్డు ఇచ్చుకోవాలి. ఆ ఏడు వెర్నర్‌కి గ్రేటె చేతిలో ఓడిపోవాలనే ఉంది. బాదం ముద్దతో చేసిన గుడ్డు ముందే కొని జేబులో పెట్టుకున్నాడు. తీరా గ్రేటె ఇంటి మలుపు దగ్గర ఆగిపోయి, వెంట వచ్చిన ప్రెబెన్ చేతిలో చీటీ పెట్టాడు.

"ఒరేయ్, నువ్వు పడేసి రారా. తలుపుకున్న ఉత్తరాల సందులోంచి తోసెయ్, అంతే."

ప్రెబెన్ తోస్తుండగానే తలుపు తెరుచుకుంది.

"దొరికావు దొంగా! ఇది నీ పనేనా?" గ్రేటె నవ్వింది.

"నాది కాదు, వెర్నర్‌ది" అనడానికి ఎంతసేపు? ఆ నవ్వు చూశాక ప్రెబెన్‌కి అది తనదే కావాలనిపించింది.

"దొరికిపోయాను" అన్నాడు.

మలుపులో నిలబడి వెర్నర్ అంతా విన్నాడు. తిట్టలేదు. జేబులోంచి గుడ్డు తీసి ప్రెబెన్ చేతిలో పెట్టాడు. "ఓడినవాడే ఇవ్వాలి కదరా" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు వెర్నర్ రేవులో పడవ టికెట్లు చింపుతున్నాడు. సైకిల్ తెస్తే, ప్రెబెన్ ముందొచ్చినవాళ్ళని ఆపి మరీ అతనిదే బాగుచేస్తాడు. "నాకేం తొందర్లేదు" అంటాడు వెర్నర్, ప్రతిసారీ. ఆ మాట ప్రెబెన్‌కి రోజంతా ముల్లులా గుచ్చుకుంటుంది. గ్రేటెకి చెప్పేద్దామనుకుంటాడు. చెబితే ఆమె దృష్టిలో తానేమవుతాడో తలచుకుని మింగేస్తాడు.

ఈ ఏడు ఈస్టర్ ముందు కూతురు ట్రీనె కత్తెర పట్టుకొచ్చింది.

"నాన్నా, అమ్మకి చేసినట్టు నాకూ ఒకటి."

"చెయ్యి నొప్పమ్మా."

"నిరుడూ అదే చెప్పావ్!"

తప్పక మడిచి కత్తిరించాడు. మడత వైపే కోసేశాడేమో, విప్పితే రెండు ముక్కలు. ట్రీనె పడీపడీ నవ్వింది. గ్రేటె నవ్వలేదు. ముక్కల్నీ గోడనీ మార్చి మార్చి చూసింది.

"అది నేను చెయ్యలేదు" అన్నాడు ప్రెబెన్. "వెర్నర్ చేశాడు. ఇచ్చి రమ్మని నన్ను పంపాడు."

"మరి గుడ్డు?"

"అదీ వాడిదే."

"నీ ఎదురుగా మొత్తం తిన్నాను. ముక్క పెడితే వద్దన్నావు. సిగ్గనుకున్నాను. ఇందులో నీదంటూ ఏముంది మరి?"

"తలుపు దగ్గర నిలబడ్డది నేనే."

గ్రేటె పటం దించి అతని చేతిలో పెట్టింది. "పట్టుకెళ్ళి అతనికిచ్చి రా. తప్పయిందని నీ నోటితో చెప్పు. నా సంగతి నువ్వొచ్చాక చూద్దాం."

వెర్నర్ తలుపుకీ ఉత్తరాల సందు ఉంది. ప్రెబెన్ అటూ ఇటూ చూసి, ముందు పటాన్ని అందులోంచే తోయబోయాడు. అడ్డంగా పట్టలేదు. నిలువుగా తిప్పి చూశాడు, పట్టలేదు.

గంట నొక్కాడు.