పిస్తోలు వ్రతం

సింగపూర్‌లో చూయింగ్ గమ్ అమ్మితేనే నేరం. అలాంటి ఊళ్ళో నేను నెల రోజులపాటు, ఆదివారాలతో సహా, నడుములో పిస్తోలు దోపుకుని తిరిగాను. దాంతోనే ఆఫీసుకు వెళ్ళాను, రైలెక్కాను, ఆఖరికి గుడికి కూడా వెళ్ళాను. కంగారుపడి పోలీసులకు ఫోన్ చేసేయకండి. వాళ్ళకు చిక్కినా బాగుండేది, ఏదో ఒక మూల పడేసి అన్నం పెట్టేవాళ్ళు. నేను చిక్కింది ఇద్దరు ఆడవాళ్ళకు, అదీ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరి ఎదుట, స్టేజీ లైట్ల వెలుగులో. ఆ పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. ఆ రోజు ఎవరూ పడలేదు.

కంప్యూటరు ఆన్ చేయడం వచ్చిన ప్రతివాణ్ణీ విమానం ఎక్కిస్తున్న రోజులవి. ఆ ఊపులో నేనూ తెనాలి నుంచి వచ్చి సింగపూర్‌లో దిగబడ్డాను. క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో, రమణ అనే సహోద్యోగితో గది పంచుకునేవాణ్ణి. మనవాళ్ళను ఆరంభశూరులు అంటారు కదా, ఆ మాట నన్ను చూశాకే పుట్టిందని రమణ అభిప్రాయం. పొద్దున్నే పరుగెత్తుతానని బూట్లు కొన్నాను. అవి మూడో రోజు నుంచి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చాయి. చైనా భాష నేర్చుకుంటానని చేరి, పలకరింపు దాకా నేర్చుకుని, ఎదుటివాడు బదులిచ్చేసరికి పారిపోయి వచ్చాను. గిటారు కొన్నాను. దాని మీద తువ్వాళ్ళు బాగా ఆరేవి.

ఇలాంటి నేను వసుంధరను ప్రేమించాను. ఆమెది వరంగల్. సింగపూర్ యూనివర్సిటీలో మురికినీళ్ళను వడగట్టే విద్య మీద పరిశోధన చేసేది. ఒక ఆదివారం, తిండి బళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో చిక్కటి టీ తాగుతూ, ధైర్యం అంతా కూడగట్టుకుని విషయం చెప్పేశాను.

ఆమె టీ కప్పు కింద పెట్టింది. "గిటార్‌ను గూడ గిట్లనే ప్రేమించినవ్ గదా, ప్రసాద్?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? నాల్గు దినాలైనంక నా మీద గూడ తువ్వాళ్ళు ఆరేస్తవ్." కప్పు మళ్ళీ ఎత్తి ఒక గుక్క తాగింది. "ఏదన్న ఒక్క పని, ఏదైనా సరే, నెల దినాలు విడువకుండ చెయ్. ఒక్క దినం తప్పినా ముచ్చట ఖతం. చేసినవనుకో, అప్పుడు మా నాయనతోని మాట్లాడుత."

ఇంత సులువైన పరీక్ష ఏ ఆడపిల్లా పెట్టి ఉండదు. ఇంత కష్టమైన పరీక్ష నాకు అంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఏం పని చేయాలో తేల్చుకోవడానికే నాకు వారం పట్టింది.

దారి చూపించింది సింహాచలం అంకుల్. ఆయన తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చారు. అంకుల్ ఇక్కడే పుట్టి, హార్బరులో పనిచేసి రిటైరై, బిషాన్‌లో ఉంటూ ఏటా ఉగాదికి మా చేత నాటకం వేయించేవారు. ఆ ఏడు నాటకంలో వసుంధర నగల దొంగ. నేను మఫ్టీలో ఉన్న పోలీసు. నాటకమంతా వెనకాల బెంచీ మీద కూర్చుని పేపరు చదివి, చివర్లో లేచి, నడుములోంచి పిస్తోలు తీసి, "కదిలితే కాల్చేస్తా!" అనాలి. అదొక్కటే నా డైలాగు.

మొదటి రిహార్సల్లోనే అంకుల్ తల పట్టుకున్నారు. "ఏటిరా అబ్బీ ఆ నడక? ఆఫీసుకి లేటయినోడిలాగ! నడుములో తుపాకీ ఉన్నోడు అలగ నడవడురా."

"మరెలా నడవాలి అంకుల్?"

"సెబితే వచ్చీది కాదది. రోజూ ఏటో ఒకటి దోపుకో. సెక్కముక్కైనా సరే. కూకున్నా, నిలబడినా, మకాన్ కెల్లినా అది నీ వొంటి మీదే ఉండాల. ఒక్క రోజు మానీసినా నీ నడకలో తెలిసిపోద్ది. ఉగాదికింకా నెలుంది."

మకాన్ అంటే మలయ్‌లో తిండి. నాకు మాత్రం తిండి మాట వినబడలేదు, 'నెల' అన్నదొక్కటే వినబడింది. వసుంధర వైపు చూశాను. ఆమెకూ వినబడింది.

"ఈయననా? నెల దినాలా?" అంది చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"చూస్తూ ఉండు," అన్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. అంకుల్ చెక్కముక్క చాలన్నారా? నేను బొమ్మల షాపులో పిల్లలాడుకునే నీళ్ళ పిస్తోలు కొన్నాను. అది చిలకపచ్చగా ఉంది. పోలీసు పిస్తోలు పచ్చగా ఉంటుందా అని బూట్‌పాలిష్ పట్టించి నల్లగా మెరిపించాను. పట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉంది. బరువు లేకపోతే నడకెలా వస్తుందని నిండా నీళ్ళు పోశాను. జారిపోతోందని పైజమా బొందు తీసి, పిస్తోలుకు రెండు చుట్లు చుట్టి నడుముకు ముడివేశాను. పైన వదులు చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే నన్ను చూసి భయమేసింది.

రమణ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. "ఒరేయ్, పచ్చగా ఉంటే బొమ్మ అనుకుంటారు. నల్లగా చేస్తే ఏమనుకుంటారు?"

"ఎవరికీ కనబడదురా. దాచడమే ఇందులో అసలు కళ."

"మీ ఊరికి అస్థికలు ఏ అడ్రసుకు పంపాలో రాసిపెట్టు," అని వాడు స్నానానికి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి నా నిష్ఠ. సత్యనారాయణ వ్రతం చేసేవాళ్ళయినా మధ్యలో కునుకు తీస్తారు, నేను తీయలేదు. జ్వరం వచ్చి పడుకున్న రోజూ పిస్తోలుతోనే పడుకున్నాను. ఒకనాడు మరిచిపోయి రైలు స్టేషను దాకా వెళ్ళి, గుర్తొచ్చి, వెనక్కి పరుగెత్తుకొచ్చి కట్టుకెళ్ళాను. ఆ పరుగు చూస్తే నేను కొన్న బూట్లు కూడా సంతోషించేవి. గుడికెళ్ళినప్పుడు కాస్త జంకాను. అమ్మవారికి అన్ని చేతుల్లో అన్ని ఆయుధాలుండగా నా ఒక్కదాని మీద కోపమెందుకొస్తుందిలే అని సర్దిచెప్పుకుని ప్రదక్షిణ చేశాను.

కానీ ఒక సంగతి ఆలోచించలేదు. సింగపూర్ ఎండకు బూట్‌పాలిష్ కరుగుతుంది. బనియన్లన్నీ బొగ్గుల బస్తాలయ్యాయి. పైగా ఆ పిస్తోలుకు మూత సరిగా పట్టదు.

ఆ సంగతి క్లయింటుతో మీటింగులో తెలిసింది. మా మేనేజరు మేడమ్ లిమ్ బోర్డు మీద ఏదో గీస్తోంది. నేను ముందుకు వంగాను. కడుపు మీద చల్లగా తగిలింది. కిందికి చూస్తే చొక్కా మీద నల్లటి మరక, నెమ్మదిగా పెద్దదవుతోంది. దాని వెనక గుప్పెడంత ఉబ్బు. మేడమ్ లిమ్ గీత గీయడం ఆపి, తిన్నగా అక్కడికే చూసింది.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నేను తెలుగులో చెబుతున్నాను, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా' మాత్రం ఆవిడదే. "ప్రసాద్, అక్కడ ఏంటది లా?"

నిజం చెబితే జైలు. ఫైలు తీసి అడ్డం పెట్టుకున్నాను. పక్కనే ఉన్న రమణ నిట్టూర్చి, ఎంతో దిగులుగా అన్నాడు: "హెర్నియా, మేడమ్."

క్లయింటు తన కాఫీని దూరంగా జరిపాడు.

"మరి ఆ నల్లది?"

"మా ఊరి ఆకుపసరు, మేడమ్," అన్నాడు రమణ. "పై పూత."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. రమణ ఆడినది ఎంతలా అతికిందంటే ఇక ఊడి రాలేదు. ఆ రోజు నుంచి నా బతుకు మారిపోయింది. నా కుర్చీలో మెత్త వచ్చింది. కాగితాల కట్ట ఎత్తబోతే ముగ్గురు అడ్డుపడేవారు. మేడమ్ లిమ్ ఇంటి నుంచి బొప్పాయికాయ సూపు ఫ్లాస్కులో తెచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడేది. కొత్త సిస్టం మొదలయ్యే రోజులని అందరూ కుర్చీలకు అతుక్కుపోయి పనిచేస్తుంటే, నన్ను మాత్రం అయిదింటికే తరిమేసేది. "వెళ్ళి పడుకో లా! బరువులెత్తకు! దగ్గకు!"

నేను తిన్నగా రిహార్సల్‌కు వెళ్ళేవాణ్ణి. సిగ్గుపడాల్సిన మాటే. అప్పట్లో పడలేదు, ఇప్పుడు పడుతున్నాను.

వసుంధర ప్రతి రిహార్సల్లో నా చొక్కా ఉబ్బు చూసి, "ఉన్నదా?" అనేది. "ఉంది," అనేవాణ్ణి. రోజురోజుకూ ఆమె కళ్ళలో ఆశ్చర్యం పెరిగింది. ఒకరోజు ఆమే, "జర జాగ్రత్త, పోలీసులు చూస్తే ఎట్ల?" అంది. ఆ 'జాగ్రత్త' విన్నాక నాకు నేల మీద కాలు ఆనలేదు.

ఉగాది రానే వచ్చింది. కమ్యూనిటీ క్లబ్బు హాలు కిటకిటలాడుతోంది. తెర వెనక సింహాచలం అంకుల్ నా చొక్కా ఎత్తి చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! పచ్చదాన్ని నల్లది సేసినావేటిరా? నేను సెక్కముక్క అన్నాను కదరా!"

"సహజంగా ఉండాలని, అంకుల్."

"ఇదెట్టుకుని రైలెక్కినావా? ఈ ఊర్లో పుట్టి పెరిగినోణ్ణి, నేనే ఈలెయ్యడానికి బయపడతాను! సరి సరి, నాటకమయ్యాక ముందు దాన్ని కడిగీ."

అప్పుడే రమణ పరుగెత్తుకొచ్చాడు. వాడి ముఖం పాలిపోయి ఉంది. "ఒరేయ్, మేడమ్ లిమ్ వచ్చింది. ఏదో మాటవరసకు నాటకం అన్నాను. 'అంత జబ్బుతో స్టేజీ ఎక్కుతాడా!' అని మందుల సంచీతో సహా వచ్చేసింది. పరాయివాళ్ళు కదా అని మనవాళ్ళు మర్యాద చేసి ముందు వరసలో మధ్యన కూర్చోబెట్టారు."

ఇక చేసేదేమీ లేదు. తెర లేచింది. నేను బెంచీ మీద పేపరు అడ్డం పెట్టుకుని, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ అర్జీలు పెట్టుకుంటూ కూర్చున్నాను. చివరి ఘట్టం వచ్చింది. వసుంధర నగల మూటతో పారిపోబోయింది. నేను లేచాను. నడిచాను. ఆ నడక, మీరు చూడలేదు కానీ, అద్భుతం. తెర పక్కన అంకుల్ కళ్ళు తుడుచుకున్నారు.

"కదిలితే కాల్చేస్తా!" అని అరిచి నడుము మీద చెయ్యి వేశాను.

పిస్తోలు రాలేదు.

పాఠకులారా, ఇక్కడ కలిగింది నాకు జ్ఞానం. నెల రోజులు దాన్ని దాచడం సాధన చేశాను. బయటికి తీయడం ఒక్కసారి కూడా సాధన చేయలేదు. పైజమా బొందు చెమటకు బిగుసుకుపోయి, ముడి గవ్వలా గట్టిపడింది. రెండు చేతులతో పట్టి గుంజాను. వంగి గుంజాను. పళ్ళు బిగబట్టి, "అమ్మా!" అంటూ గుంజాను.

ముందు వరసలోంచి మేడమ్ లిమ్ ఉన్నపళాన లేచి నిలబడింది. "అయ్యో! లాగకు లా! లాగకు! పగిలిపోతుంది! ఎవరైనా ఆంబులెన్స్ పిలవండి లా!"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ వసుంధర, నా వైపు జాలిగా చూసి, నాటకంలో లేని మాట ఒకటి వేసింది. "తియ్యుండ్రి సార్, నిమ్మళంగ తియ్యుండ్రి. నాకేం తొందర లేదు."

హాలు కూలిపోయింది. ఆ నవ్వులకు రోషమొచ్చి ప్రాణాలన్నీ చేతుల్లోకి తెచ్చుకుని ఒక్క గుంజు గుంజాను. బొందు తెగింది. రెండు బొత్తాలు ఎగిరిపోయాయి. పిస్తోలు బయటికొచ్చింది, వచ్చిన ఊపుకు మూత ఊడింది. నెల రోజులు పాలిష్‌లో నానిన నీళ్ళు స్టేజీ దాటి వెళ్ళి, మందుల సంచీ పట్టుకుని మెట్లెక్కి వస్తున్న మేడమ్ లిమ్ తెల్లటి జాకెట్టు మీద పడ్డాయి.

ఆవిడ జాకెట్టు చూసుకుంది. నా చేతిలోని పిస్తోలు చూసింది. నా నడుము చూసింది. అక్కడిప్పుడు ఉబ్బు లేదు. అతి రహస్యం బట్టబయలంటే ఇదే.

తెర దించేశారు. తెర వెనకాల ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "తగ్గిందా లా?"

"తగ్గింది, మేడమ్," అన్నాను తల వంచుకుని. "క్షమించండి."

"చాలా సంతోషం." ఫ్లాస్కు తీసి నా చేతిలో పెట్టింది. "ఇది చివరి సూపు. తాగు. ఇన్ని రోజులూ నీ పని మిగతావాళ్ళు చేశారు. సోమవారం నుంచి నెల రోజులు వాళ్ళ పని నువ్వు చేస్తావు. ఒక్క రోజు కూడా మానకుండా లా."

మా సంగతి ఎవరు చెప్పారో, ఈ నెల రోజుల లెక్క ఆవిడకూ పట్టుబడింది. ఆవిడ వెళ్ళాక వసుంధర దగ్గరికొచ్చింది. నా చొక్కా చూసి, "నా ల్యాబ్‌ల గూడ గింత మురికినీళ్ళు సూడలే," అంది.

"వసుంధరా, మరి మన సంగతి?"

"నెల దినాలు విడువలే. మాటంటే మాటే. రేపు మా నాయనకు ఫోన్ చేస్త." వెళ్ళబోతూ ఆగింది. "గని ప్రసాద్, లోకంల ఇన్ని మంచి పనులుండంగ నువ్వు పట్టు విడువకుండ చేసింది గిదా?"

పెళ్ళి ముందు నన్ను పెళ్ళికొడుకును చేసి, దిష్టి తగలకుండా ఇనుము ఉండాలని పెద్దవాళ్ళు చేతికి అడకత్తెర ఇచ్చారు. ఓపిక చేసుకుని సింగపూర్ నుంచి అంత దూరం వచ్చిన సింహాచలం అంకుల్, "నడుములో దోపుకోరా అబ్బీ, తాళి కట్టీ వరకూ మానీకు," అన్నారు. నేను మండపం వదిలి పారిపోబోతే బావమరుదులు పట్టి కూర్చోబెట్టారు.

కాబట్టి అడకత్తెర సాక్షిగా, బొప్పాయి సూపు సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా నడుముకు బెల్టు తప్ప మరేదీ కట్టను, కట్టినదాన్ని దాచను, దాచినదాన్ని జబ్బు అనను. ఇది తు.చ. తప్పక పాటిస్తాను.

ఈ మాట రాస్తుంటే భుజం మీంచి వసుంధర తొంగి చూసి చదివింది.

"ఈ ఒట్టు మీదనన్న నెల దినాలుంటవా?" అంది, గిటారు మీద తువ్వాలు ఆరేస్తూ.