ఇద్దరికీ ఒక్క సైకిలు

పోయిన వారం నేను మా బావ ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, రావులపాలెం నుంచి ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చారు. మా ఊరి కాలువ దగ్గర పోటీ ఒకటి పెడుతున్నామనీ, ముందు ఈత, తరవాత సైకిలు, ఆపైన పరుగు, మూడూ ఊపిరి తిప్పుకోకుండా వరసగా చెయ్యాలనీ, దాన్ని ట్రయథ్లాన్ అంటారనీ నాకు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. నేను ఏమీ ఎరగనివాడిలా తల ఊపుతూ అంతా విని, చివర్లో మాత్రం, ఈ మాత్రం దానికి మీ నాన్నలు పుట్టకముందే మేము చెమటలు కక్కామని మెల్లిగా అన్నాను. అంతే, మెట్ల దగ్గర చెప్పులతో నిలబడ్డవాళ్ళు కాస్తా చెప్పులు విడిచి అరుగెక్కి కూర్చున్నారు.

నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఈ వయసులో మనకి వినేవాళ్ళు దొరకడం గగనం. ఇంట్లోవాళ్ళకి మన కథలన్నీ కంఠతా వచ్చు. మనం గొంతు సవరించుకోగానే టీవీ మోత పెరుగుతుంది. అందుకని కొత్త చెవులు కనపడితే నాలాంటివాడు ఆగలేడు. నేను గోదావరి ఈదానన్నాను, అదీ వరదలో అన్నాను. ఒడ్డెక్కి, తడిబట్టలతోనే సైకిలెక్కి కొత్తపేట చుట్టి వచ్చి, ఆపైన పరుగు అందుకునేవాళ్ళమన్నాను. ఏటా మొదటి బహుమతి మాదే అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పక్కనే కుర్చీలో ఉన్న మా బావని చూపించి, నా జోడీ ఈయనేననీ, పాపం సైకిలు తొక్కే సత్తువ లేక సగం దారిలోనే దిగిపోయేవాడనీ, ఈయన్ని కూడా గెలుపు దాకా ఈడ్చుకొచ్చింది నేనేననీ చెప్పాను.

పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి ఎడం పక్క పడిపోయిన దగ్గర్నుంచి బావ మాట కొంచెం ముద్దగా వస్తోంది, నవ్వు మూతికి ఒక పక్కనే వస్తోంది. ఆ ఒక పక్కతోనే నవ్వి ఊరుకున్నాడు.

"అయితే ఆదివారం జెండా మీరే ఊపాలండి తాతగారూ" అన్నారు కుర్రాళ్ళు. ఆయ్, దానికేం భాగ్యమన్నాను. వాళ్ళ బండి మలుపు తిరిగేదాకా ఆగి, మజ్జిగ గ్లాసులు తియ్యడానికి వచ్చిన మా ఆవిడ నిలదీసింది. మా ఆవిడ ఆ బావకి స్వయానా చెల్లెలే. ఆయన మా మేనమామ కొడుకు, ఆవిడ మా మేనమామ కూతురు.

"గోదావరి ఎప్పుడు ఈదేరండీ మీరు?"

"కాలవలో నీళ్ళు గోదావరివి కావేంటే?"

"అలాగైతే మన కుళాయి కింద నించున్నోళ్ళందరూ గోదావరి ఈదినట్టే."

సరే, మీ దగ్గర దాపరికం ఎందుకు. అది మా ఊరి పంటకాలువే. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాక, వేసవి మరమ్మతులకని కాలువలు కట్టేసేలోపు, ఊళ్ళో ఎవరికీ పెద్ద పని ఉండని కొన్ని రోజులు వచ్చేవి. ఆ రోజుల్లో మా పెదనాన్నగారు ఈ పోటీ పెట్టించేవారు. ఆయన తల పూర్తిగా నెరిసినా మా ఊరి యువజన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఆ పదవి ఇంకొకరికి ఇవ్వడానికి తగినంత యువకుడు ఊళ్ళో దొరకలేదనేవారు. రేవులో దూకి వంతెన దాకా ఈదాలి, అక్కణ్ణుంచి గట్టు మీద లాకుల దాకా సైకిలు మీద పోయి రావాలి, ఆఖర్న పరుగు మీద వచ్చి బడి ముందు గీసిన సున్నం గీత దాటాలి, ఇదీ ఆయన మొదట అనుకున్నది. తీరా చూస్తే ఊళ్ళో సైకిళ్ళు పట్టుమని పది లేవు, ఉన్నవీ మిల్లువారింట్లోనూ కొబ్బరికాయల షావుకారింట్లోనూ ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు పందెం వేసుకుంటే మిగతా ఊరు గట్టెక్కి చూడ్డానికా అని ఆయనకి కోపం వచ్చి, ఆ కోపంలో ఒక నియమం పుట్టించారు.

పోటీ జోడీలది. ఇద్దరికీ ఒక్క సైకిలు. ఈత అయ్యాక ఒకడు సైకిలెక్కి ముందుకి పోతాడు, రెండోవాడు వెనకాల పరిగెడతాడు. ముందువాడు కొంతదూరం పోయాక సైకిలు దిగి, దాన్ని ఒక కొబ్బరిచెట్టుకి ఆనించి వదిలేసి, తను పరుగు మొదలుపెడతాడు. వెనకవాడు ఆ చెట్టు దాకా వచ్చి, సైకిలెక్కి, ముందువాణ్ణి దాటిపోయి, తనూ ఒకచోట చెట్టుకి ఆనించి దిగుతాడు. గీత దాకా ఇలాగే. ఇద్దరిలో ఎవడు ఎంత ముందొచ్చినా లాభం లేదు, వెనకవాడు గీత దాటితేనే ఆ జోడీ వచ్చినట్టు లెక్క. ముందొచ్చినవాడు గీత దగ్గర నిలబడి, వెనకవాడి కోసం మెడ సాచి చూడాల్సిందే.

సైకిలు మా మావయ్యగారిది, నా మొలకంటే ఎత్తు. దాని గొలుసు ఎప్పుడు ఊడుతుందో దానికే తెలియదు. బావ నాకంటే ఏడాది పెద్ద, నీళ్ళలో పడితే మళ్ళీ వంతెన దగ్గరే తేలేవాడు, గట్టెక్కితే జింక. నేను ఈదడం బాగానే ఈదేవాణ్ణి గానీ, నాకు చిన్నప్పటినుంచీ దుమ్ము పడదు. ఎండాకాలం గట్టు మీద మట్టి ఎలా లేస్తుందో మీకు తెలుసు, నాలుగడుగులు పరిగెడితే నా గుండెలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒక ఏడు కాలువ అనుకున్నదానికంటే ముందే కట్టేశారు. మోకాలిలోతు నీళ్ళలో, దానికింద ఇంకో మోకాలిలోతు బురదలో, జోళ్ళు పోగొట్టుకున్న బాతుల్లాగ ఊళ్ళో కుర్రాళ్ళందరం నడిచి వెళ్ళాం. కుర్రాళ్ళకి నేను వరద అని చెప్పినది ఆ ఏటి సంగతే.

మేమిద్దరం అనుకున్న ఏర్పాటేమిటంటే, బావ ముందు సైకిలెక్కి రైసుమిల్లు దాటాక, అక్కడ కాలువ మీదికి ఒంగిన చెట్టొకటి ఉండేది, దానికి ఆనించి దిగాలి. నేను అక్కడిదాకా పరుగెత్తాలి. తీరా నేను దగ్గుకుంటూ, కళ్ళలో నీళ్ళు కారుతుండగా మిల్లు పొగగొట్టం ఇంకా దూరంగా కనపడుతుండగానే, మిల్లుకి చాలా ఇవతల, తూము దగ్గరే సైకిలు చెట్టుకి ఆని ఉంది. మళ్ళీ అవతలి మలుపులోనూ అంతే. ప్రతిసారీ, అనుకున్న చెట్టు కంటే ముందే సైకిలు నాకోసం నిలబడి ఉండేది. నేనెక్కాక మాత్రం, అనుకున్న చెట్టు దగ్గరే దిగేవాణ్ణి. ఇప్పుడు అబద్ధమెందుకు, ఆ చెట్టు దాటి ఇంకో నాలుగు చెట్లు పోయాక దిగేవాణ్ణి. లెక్కకి సగం సగం పరిగెట్టాల్సిన దారిలో ముప్పాతిక ఆయన పరిగెట్టాడు. ఏటా మొదటి బహుమతి అన్నానే, వచ్చింది ఒక్కసారి, అదీ రెండోది. చెరో స్టీలు గ్లాసు ఇచ్చారు. మిగతా ఏళ్ళలో గీత దాటామంతే.

ఆ బహుమతి వచ్చిన సాయంత్రమే పెదనాన్నగారు, ఏమోయ్, మీవాడు తూము దగ్గరే సైకిలు దిగిపోయేడేంటి అని నన్నడిగారు. చుట్టూ జనం ఉన్నారు, మా మేనమామ కూతురు కూడా ఉంది. నా పిల్లికూతల సంగతి ఆ అమ్మాయి ముందు చెప్పుకోవడం ఇష్టంలేక, బావకి కాళ్ళు పీకేయండి, తొక్కలేకపోయేడు అనేశాను. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. అది అక్కడితో పోయే మాటే గానీ నా నోట్లో పడ్డాక ఏ మాటైనా బక్కగా ఉండదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, తద్దినం భోజనాల్లో చెప్పాను, ఆయన కూతురి అత్తవారితో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆయన నా ఎదురుగానే ఉన్నాడు, కాదని ఒక్కమాట అనలేదు. వినగా వినగా మా ఊళ్ళో ఆయన సైకిలు దిగిపోయినవాడిగానే మిగిలాడు.

ఇక ఇప్పటి సంగతి. జబ్బు చేశాక అమలాపురంలో డాక్టరుగారు మందులిచ్చి, కాలు మళ్ళీ రావాలంటే నడవాలన్నారు. ఇంటికొచ్చి కాలుకి కసరత్తు చేయించే అబ్బాయీ అదే అన్నాడు: "రోజూ కొంచెం కొంచెం దూరం పెంచాలండి. మీరు జాలిపడ్డారంటే ఇంక మంచమేనండి." బావ నడవనన్నాడు. కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది, ఆయన గోడకేసి తిరిగి పడుకున్నాడు. మా ఆవిడ ఒకరోజు పొద్దున్నే నా చేతిలో పేపరు లాగేసి, మా అన్నయ్య ఎవరి మాటన్నా వింటే మీ మాటే వింటాడు, వెళ్ళండి అంది. వెళ్ళాను. నడుస్తాను గానీ నాకు ఎక్కడ ఓపిక పోతే అక్కడ కూర్చోడానికి ఉండాలన్నాడు. అందుకని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని నేను గట్టు మీద ముందు నడుస్తాను, ఒక చెట్టు పక్కన వేసి నిలబడతాను. ఆయన కర్ర పట్టుకుని, రెండో పక్క చెల్లెలి భుజం ఆసరాతో, కాలీడ్చుకుంటూ వచ్చి కూర్చుంటాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ చెట్టు.

మొదట్లో నాకు చేతులు రాలేదు. ఆయన అడుగు తీసి అడుగు వెయ్యడం చూడలేక దగ్గరదగ్గరగా వేసేసేవాణ్ణి, అనుకున్న చెట్టు కంటే ముందే. నెల తిరిగినా కాలులో మార్పు లేకపోయేసరికి ఆ అబ్బాయి నన్ను పక్కకి పిలిచి, మీరు చేసేది సాయం కాదండి అన్నాడు. ఆ మర్నాటినుంచి రోజూ ఒక చెట్టు జరిపాను. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, ఇక్కడ తగ్గించి చెప్పాల్సొచ్చింది. నిన్న కూర్చున్న చెట్టే కదా బావా ఇది, అనేవాణ్ణి.

"ఈ మధ్య చెట్లు కూడా నీలాగే తయారయ్యేయి బావా" అన్నాడు ఒకరోజు, ముద్దముద్దగా. అయినా నడిచాడు.

ఆయన కాలుకి బలం వస్తున్నకొద్దీ నా ఓపిక తగ్గుతోంది. ఒక కుర్చీ బరువెంత అని మీరు నవ్వచ్చు, డెబ్భై దాటాక మోసి చూడండి. రోజంతా మోకాళ్ళు సలుపుతాయి, మెడ పట్టేస్తుంది. ఈ పూట కుర్చీ తూము దాటించి వేసేసరికి నాకు ఆయాసం వచ్చేసింది. పైకి కనపడకుండా చెట్టుకి ఆనుకుని, కాలువకేసి చూస్తున్నట్టు నటించాను. మా ఆవిడ చెయ్యి వదిలేసింది, బావ కర్ర మీదే వస్తున్నాడు. వచ్చాడు. కూర్చోలేదు. మంచి చేత్తో కుర్చీ వీపు పట్టుకుని నావైపు తిప్పాడు.

"కూచో."

"నీకోసం మోసుకొచ్చేను బావా, నాకెందుకు?"

"కూచో. నీకు దుమ్ము పడదు."

ఇప్పుడు గట్టంతా సిమెంటు రోడ్డు. దుమ్మెక్కడుంది. ఆ మాటే అందామనుకున్నాను, గొంతులో పిల్లికూతలు వచ్చాయి తప్ప మాట రాలేదు. కూర్చున్నాను. ఆయన కర్ర ఆనించుకుంటూ ముందుకి సాగాడు. ఆ వీపు చూస్తూ, ఇన్నేళ్ళుగా నోటిదాకా వచ్చి మింగేసిన మాట అన్నాను: "ఆ రోజు నువ్వు అలిసిపోయి దిగలేదని నాకు తెలుసు బావా."

ఆయన ఆగలేదు, వెనక్కి తిరగలేదు. "ఆయ్" అన్నాడు, అంతే.

ఆదివారం వెళ్ళి జెండా ఊపుతాను, మాటిచ్చాను కాబట్టి. కుర్రాళ్ళు మంచివాళ్ళు. ఎవరి సైకిలు వాళ్ళకే ఉందట, కారు మీద కట్టి తెచ్చుకుంటారట, ఎవరి సమయం వాళ్ళ చేతి గడియారంలోనే పడుతుందట. ముందొచ్చినవాడు పతకం వేయించుకుని వెళ్ళిపోవచ్చు, వెనక ఎవడున్నాడో చూడక్కర్లేదు. అది తప్పనను, పోటీ అంటే అంతే కాబోలు. వాళ్ళకి మా పోటీ గురించి ఈసారి ఉన్నది ఉన్నట్టు చెబుదామనుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తే అందులో పెద్ద విశేషం ఏమీ లేదు, చెట్టుకి ఆనించిన ఒక పాత సైకిలు తప్ప. వింటారో లేదో తెలియదు.

బావ రెండు చెట్ల అవతల ఆగాడు. అక్కడ కూర్చోడానికి ఏమీ లేదు, కుర్చీ నా కింద ఉంది. కర్ర మీద బరువు మోపి, మెడ తిప్పి, నాకేసి చూస్తూ నిలబడ్డాడు. లేవబుద్ధి కాలేదు. అయినా వెనకవాడు వస్తేనే గదా లెక్క. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచి, కుర్చీ నెత్తిన పెట్టుకున్నాను.