ముత్యాలు, రత్నాలు, నాకొచ్చిన చైనా భాష

మేడ్చల్ చుట్టూ ఇంకా ద్రాక్షతోటలు మిగిలి ఉండి, కండ్లకోయ కాలేజీల బస్సులు హైవే నిండా తిరగడం అప్పుడప్పుడే మొదలైన ఆ రోజుల్లో, "నాకు రాదు" అనే రెండు మాటలు పలకడం నాకు చేతనయ్యేది కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌లో చేరినదాన్ని. ఇంగ్లీషు రాయమంటే పేజీలు నింపేసేదాన్ని గానీ, మాట్లాడమంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఆ సంగతి బయటపడకుండా నేను వేసిన వేషాలు అన్నీ ఇన్నీ కావు. (లెక్చరర్ నన్ను ప్రశ్న అడగబోతున్నాడని అనుమానం రాగానే దగ్గు తెచ్చుకునేదాన్ని. రెండో సంవత్సరానికల్లా నాకు ఉబ్బసం ఉందని సగం క్లాసు నమ్మింది.) వాటన్నిటిలోకీ పెద్ద వేషం చైనా భాష తెలిసినదాని వేషం. దాని సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఒకరోజు మా కోఆర్డినేటర్ సారు క్లాసులోకి వచ్చి, చైనా నుంచి విద్యార్థులు పది రోజులు మన కాలేజీకి వస్తున్నారనీ, వాళ్లను మన ఇళ్లలోనే ఉంచుకుంటే మన పద్ధతులు తెలుస్తాయనీ చెప్పి, "ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. చుట్టూ చేతులు లేచాయి. నా చేయి మాత్రం లేవలేదు. పక్కనున్న స్నేహితురాలు నా వంక జాలిగా చూసింది. ఆ జాలి నేను భరించలేకపోయాను. లేచి నిలబడి, "నాకు చైనీస్ వచ్చు సార్" అనేశాను.

"ఏవమ్మా, నిజంగానే?" అన్నారు సారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

"కొంచెం సార్."

"కొంచెం చాలమ్మా. ఇక్కడ మాకెవరికీ అది కూడా రాదు" అని, ఇద్దరు అమ్మాయిలను మా ఇంటి పేరున రాసేసుకున్నారు.

నాకొచ్చిన ఆ కొంచెం ఎక్కడిదో చెప్పాలి. పాత పుస్తకాలమ్మే చోట అట్టలేని చిన్న పుస్తకం ఒకటి దొరికింది. ఎడమవైపు చైనా మాటలు తెలుగు అక్షరాల్లో, కుడివైపు వాటి అర్థాలు. చాలా పేజీలు చెదలకు పోగా, మిగిలినవాటిలో ఒక పేజీని నిలువునా చినిగితే ఎవరో పుణ్యాత్ముడు జిగురు కాగితంతో అతికించాడు. అందులోంచి నేను పలకరింపు ఒకటీ, వాక్యం ఒకటీ కంఠతా పట్టాను. అదీ నా పాండిత్యం.

ఇంట్లో చెప్పగానే అమ్మ చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది. "అడగకుండనే ఒప్పుకొని వచ్చినవా? ఆళ్లు ఏం తింటరో ఏందో! పాములు గీములు అడిగితే యాడికెళ్లి తెద్దమే?" అంది. సూరారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన బాపు మాత్రం, "ఒప్పుకున్నంక ఇగ ఏం జేస్తం? బిడ్డ మాట పోవద్దు" అన్నాడు. అవ్వ తమలపాకు నములుతూ అంతా విని, "దీనికి చైనా భాష ఎప్పుడొచ్చింది? కోమటాయన కొట్టుకాడ మూడు సరుకులు జెప్పి పంపితే రెండు మర్చిపోతది" అంది. అవ్వకు నా మీద మొదటినుంచీ నమ్మకం తక్కువ.

పుస్తకంలోని వాక్యాన్ని నేను ఇంట్లో అందరికీ నేర్పాను. "హువో చే జీ ద్యెన్ ఖాయ్." అర్థం: ఇది మీ ఇల్లే అనుకుని కడుపునిండా తినండి. అతిథులకు అన్నం పెట్టేటప్పుడు ఇంతకన్నా ఏం కావాలి? ఫ్యాక్టరీలో ఉర్దూ మాట్లాడే వాళ్లతో కలిసి పనిచేసిన బాపు వెంటనే, "మన ఉర్దూ లెక్కనే ఉన్నదే! జీ అని మర్యాద, ఖాయ్ అంటే తినుడు" అని మురిసిపోయాడు. రెండు రోజులు మా ఇల్లు ఆ వాక్యంతో మార్మోగింది. అమ్మ పప్పు తిరగమోత పెడుతూ అనేది. అవ్వ సగం తమలపాకు బయటికి వచ్చేలా అనేది.

అమ్మాయిలు వచ్చారు. ఒకామె సన్నగా, పెద్ద కళ్లతో, మాటంటే బెదిరేలా ఉంది. రెండో ఆమె గుండ్రటి మొహంతో ఏమన్నా నవ్వేది. వాళ్ల అసలు పేర్లు పలకబోయి అవ్వకు పొలమారింది. "ఇగ నాతోని గాదు. గీమె ముత్యాలు, గామె రత్నాలు" అని అక్కడికక్కడే నామకరణం చేసింది. కొత్తగా కొన్న ఫ్రిజ్‌లోంచి అమ్మ గర్వంగా చల్లని నీళ్లు తెచ్చిచ్చింది. ఇద్దరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు గానీ తాగలేదు. ముత్యాలు నన్ను ఏదో అడిగింది. నేను పండితురాలిలా తలూపి, "బాగున్నయంట" అని అమ్మకు తర్జుమా చేశాను.

ఆ సాయంత్రం విస్తళ్లు వేశాం. టమాట పప్పు, పచ్చిపులుసు, కోడికూర. అందరం వరుసగా నిలబడి, చేతులు జోడించి, ఒక్క గొంతుతో "హువో చే జీ ద్యెన్ ఖాయ్" అన్నాం. రత్నాలు నవ్వి చేతి గడియారం చూసుకుంది. ముత్యాలు సంచిలోంచి తేదీలేవో రాసున్న మడత కాగితం తీసి, దానివంక ఆందోళనగా చూసింది.

"అన్నం ముంగట గడియారం జూసుడేందే?" అంది అవ్వ.

"వాళ్ల ఆచారమవ్వా. టైము చూసుకోని తింటరు" అన్నాను. (ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ మాట!)

మర్నాడు పొద్దున ఉప్మా పెడుతూ మళ్లీ అన్నాం. రాత్రి భోజనానికీ అన్నాం. ఎంత ప్రేమగా అంటే ముత్యాలు అంత తక్కువ తింది. తక్కువ తిన్నదని మేము ఇంకోసారి అనేవాళ్లం. మూడో రోజుకు ఆమె పళ్లెంలో చేయి పెట్టడమే మానేసింది. రత్నాలు నవ్వుతూనే ఉంది గానీ, ఆ నవ్వులో కూడా జీవం తగ్గింది. కాలేజీలో సారు నన్ను పక్కకు పిలిచి, "ఆ పిల్ల మొహం పీక్కుపోయిందేవిటమ్మా? ఇంట్లో ఇబ్బందైతే చెప్పు, వేరే ఇంటికి మారుస్తాను" అన్నారు. వేరే ఇంటికి అంటే ఇంగ్లీషు మాట్లాడే ఇంటికి. "లేద్సార్, జలుబు" అన్నాను.

ఆ సాయంత్రం వాళ్లను ఎస్‌టీడీ బూత్‌కు తీసుకెళ్లాం. ముత్యాలు ఫోను పట్టుకుని "మామా, మామా" అని వెక్కివెక్కి ఏడ్చింది. అద్దం ఇవతల నిలబడి చూస్తున్న అవ్వ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "అయ్యో, ఎంత మంచి పోరి! మేనమామ మీద గింత పాణమా!" అంది. చైనావాళ్లు అమ్మను మామా అంటారని నాకు తెలిసింది చాలా తర్వాత. ఆ క్షణంలో మాత్రం అందరూ నా వంకే చూశారు. నేనేమో, "అవును, మామ యాదికొస్తుండంట" అని ఖాయం చేశాను.

"దీనికి గింత పరేషానెందుకు?" అన్నాడు బాపు. "మామ లేకుంటే మామ లెక్కన మాట్లాడేటోడు ఉంటే సాలదా?" అని, శామీర్‌పేటలో ఎరువుల దుకాణం నడిపే మా మేనమామకు కబురు పెట్టాడు.

మామ మర్నాడు ఆదివారం పొద్దున్నే సఫారీ సూటు వేసుకుని, స్కూటర్ మీద ద్రాక్షపండ్ల గంపతో దిగాడు. గేటు దగ్గరే నేను వాక్యం నేర్పించాను. "గంతేనా కోడలు పిల్లా? సూడు, ఎట్ల నవ్విస్తనో" అని మీసం దువ్వుకుని లోపలికొచ్చి, ముత్యాల ఎదురుగా నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా "హువో చే జీ ద్యెన్ ఖాయ్!" అన్నాడు.

ముత్యాలు ఒక్కసారిగా భోరుమంది. లేచి గదిలోకి పరిగెత్తి, అప్పటికే సర్దిపెట్టుకున్న సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. ఆమె వెనకే రత్నాలు, ఈసారి నవ్వకుండా. మామ చేతిలో ద్రాక్షగుత్తి అలాగే ఉండిపోయింది. "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అన్నాడు పాపం. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అన్నం తినకుండ ఎట్ల పోతరు బిడ్డా?" అని తెలుగులోనే బతిమాలుతోంది. అవ్వ నా జబ్బ పట్టుకుని గుంజింది. "ఏం జేసినవే? నిజం జెప్పు. నీకు గా భాష వచ్చునా రాదా?"

నా దగ్గర దగ్గు కూడా మిగల్లేదు. "నాకు రాదవ్వా" అన్నాను.

ఆ రెండు మాటలు అన్నాక ఇంట్లో ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అవ్వ, "మరి గా పిల్లకు జెప్పు గదే మాట" అంది. ఎట్లా చెప్పను? ఇంగ్లీషు నోట రాదు. పరిగెత్తి నా నోటుపుస్తకం తెచ్చి, నిలబడే ఇంగ్లీషులో రాశాను: నన్ను క్షమించు, నాకు చైనీస్ రాదు, ఇంగ్లీషు మాట్లాడటానికి సిగ్గు, మా ఇంట్లో నీకేం కష్టం కలిగిందో రాసి చూపించు. ముత్యాలు చదివింది. కళ్లు తుడుచుకుని, పెన్ను తీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో చకచకా ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. ఆమెకూ నాలాగే ఇంగ్లీషు చేతిలో ఉంది, నోట్లో లేదు!

ఆమె రాసింది ఇది: "మేమేం తప్పు చేశాం? అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ మీ ఇంట్లో అందరూ కలిసి 'మీ రైలు ఎన్నింటికి' అని ఎందుకు అడుగుతున్నారు?"

నేను గదిలోంచి పుస్తకం తెచ్చి ఆ పేజీని వెలుతురులో పెట్టి చూశాను. అతికించిన పుణ్యాత్ముడు కుడి సగాన్ని ఒక వరుస కిందికి అతికించాడు. 'అతిథులు' అన్న పాఠంలోని చివరి అర్థం, 'ప్రయాణాలు' పాఠంలోని మొదటి వాక్యం పక్కకు చేరింది. జరిగింది తెలుగులో చెప్పేసరికి బాపు తల పట్టుకుని కూలబడ్డాడు. "నాలుగు దినాల సంది ఇంటికొచ్చిన ఆడపిల్లలను ఎప్పుడు పోతరు, ఎప్పుడు పోతరు అని అడుగుతున్నమా?" అన్నాడు. "నేనైతే వాడకట్టంత ఇనబడేటట్టు అడిగిన" అన్నాడు మామ. ముందు అవ్వ నవ్వింది. ఆ నవ్వుకు అమ్మ నవ్వింది. పేజీ చూపించి నేను ఇంగ్లీషులో రాశాక సంగతి గ్రహించిన ముత్యాలు కన్నీళ్లతోనే పగలబడి నవ్వుతూ, భుజం మీది సంచి దించి నేలమీద కూర్చుండిపోయింది.

అవ్వ మాత్రం నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్లి నూకల జావ కాచింది. "నాలుగొద్దులు సక్కగ తినని కడుపు, గిప్పుడు కారం పడదు" అని, పొగలు కక్కే జావలో ఇంత మామిడికాయ తొక్కు వేసి ఇచ్చింది. ముత్యాలు గిన్నెలోకి చూసి ఆగిపోయింది. నోటుపుస్తకం అందుకుని, "మా అమ్మ పొద్దున్నే ఇదే చేస్తుంది, ఊరగాయతో" అని రాసింది. మూడు గిన్నెలు తాగింది. అది చూసి రత్నాలు నాలుగు తాగింది.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో తెలియలేదు. నోటుపుస్తకం మా మధ్య తిరుగుతూనే ఉండేది. వాళ్లు వేసవిలో కూడా వేడినీళ్లే తాగుతారని అందులోనే తెలిసింది. (ఫ్రిజ్ విషయంలో అమ్మ కొంచెం నొచ్చుకుంది.) అవ్వకు పుస్తకంతో పనే లేకపోయింది. వాళ్లు మాట తడబడినప్పుడల్లా "నెగ, నెగ" అంటున్నారని గమనించి, "గదేనే, మనం గదీ, గదీ అంటం సూడు, గట్లనే" అని తేల్చేసింది. తర్వాత అడిగితే నిజమేనని ముత్యాలు రాసింది. అట్టలేని పుస్తకంలో నేను నెలరోజులు వెతికినా దొరకనిది అవ్వకు అరుగు మీద కూర్చుంటే దొరికింది. వాళ్లు వెళ్లే ముందురోజు మామ ట్రాలీ ఆటో మాట్లాడితే అందరం శామీర్‌పేట చెరువుకు వెళ్లాం. కట్టమీద అవ్వ ఇద్దరి చేతులూ పట్టుకుని ముందు నడిచింది. ఎవరి భాషలో వాళ్లు ఏదో గొప్ప విషయం చెప్పుకుంటూ, మధ్యమధ్య ఆగి నీళ్లకేసి చూపించుకుంటూ, వెనక మేమున్నామన్న సంగతే మరిచిపోయారు. తిరుగు దారిలో రాత కాసేపు పక్కనపెట్టి నేనూ ముత్యాలతో నోటితో ఇంగ్లీషు మాట్లాడాను. తప్పులు ఇద్దరివీ కాబట్టి సిగ్గు ఎవరికీ కలగలేదు.

వాళ్లు వెళ్లాక రెండేళ్లపాటు ఉత్తరాలొచ్చాయి. ఆఖరి ఉత్తరం పొట్టిది. ముత్యాలకు వాళ్ల ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చింది. పిల్లలను మొదటిరోజు నుంచే నోరు తెరిపిస్తోందట. ఉత్తరం నిండా ఆ పిల్లల అల్లరే. నేను అవ్వ పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించాను. అవ్వ కళ్లు చికిలించి నావైపు చూసి, "సక్కగ జదువుతున్నవా, నడుమ నీ తెలివి గలుపుతున్నవా?" అంది.

"లేదవ్వా, ఉన్నదే చదువుతున్న. 'అవ్వను అడిగానని చెప్పు, ఆమె జావ ఇంకెక్కడా దొరకలేదు' అని రాసింది" అన్నాను.

అవ్వ పైట చెంగుతో మొహం తుడుచుకుని, ఆ ముక్క మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఉత్తరంలో ఆ వాక్యం లేదు. ఇప్పుడు నలభై దాటాక, రానిది రాదని పదిమందిలో చెప్పడం బాగానే అలవాటైన ఈ వయసులో, ఆనాడు నేను వేసిన వేషాలన్నీ తలచుకుని సిగ్గుతో నవ్వుకుంటాను గానీ, ఆ ఒక్క తర్జుమాను మాత్రం దిద్దాలని ఎప్పుడూ అనిపించలేదు.