ప్రసన్న ముఖం

అరకు వెళ్ళే రైలు దారిలో టైడా స్టేషన్‌కి ఎగువన, కాలిబాట పట్టి కొండెక్కితే ఓ చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో కృపావతిని అందరూ అద్దాలమ్మ అంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ పేరు వేళాకోళానికి పెట్టారు. కాఫీ పళ్ళు కోయడం, రాగి చేను కలుపు తీయడం సరిగా రాదు గానీ, గాజు పలకను గీత గీసి విరవడం మాత్రం వచ్చిన కోడలు మరి.

ఆమె పుట్టింది అనంతగిరి దగ్గర. తండ్రి పోయాక తల్లి ఆమెను విశాఖపట్నంలో సిస్టర్ల హాస్టల్లో చేర్పించింది. పదో తరగతి తప్పింది. ఇంటికి పంపించేస్తారేమో అనుకుంటుంటే, సిస్టర్లు ఆమెను తమ పనిశాలలో పెట్టుకున్నారు. అక్కడ చర్చిలకు రంగుటద్దాల కిటికీలు చేసేవారు. నేర్పించే పెద్ద సిస్టరమ్మది కేరళ. తెలుగు ఆగి ఆగి మాట్లాడేది. చాలాకాలం కృపావతి చేతికి కుంచె ఇవ్వలేదు. ముందు గాజు కోయించింది, గాజు ముక్కల్ని కలిపి పట్టే సీసం పట్టీలు సాగదీయించింది. చివరికి కుంచె ఇచ్చిన రోజు ఒకటే మాట చెప్పింది.

"రంగు గాజులోనే ఉంది పిల్లా. నువ్వు వేసేది నీడ."

నిజంగానే అంతే. ఎర్ర గాజు ఎర్రగానే వస్తుంది, నీలం గాజు నీలంగానే వస్తుంది. దాని మీద గీసే కళ్ళూ, ముక్కూ, బట్టల మడతలూ అన్నీ ఒకే ఒక నల్లటి పొడితో గీస్తారు. ఇనుప తుప్పునీ గాజునీ పిండిలా నూరి కలిపిన పొడి అది. దాన్ని తుమ్మబంక నీళ్ళతో రాతిపలక మీద మెత్తగా రుబ్బి, సన్న కుంచెతో గీతలు వేస్తారు. గీతలు ఆరాక పైన పల్చగా పూత పూసి, తడి ఆరకముందే వెడల్పాటి మెత్తటి కుంచెతో అద్దుతారు. తరవాత వెలుతురు ఎక్కడ కావాలో అక్కడ ఆ పూతను గట్టి కుంచెతో, సూదిమొనతో కొంచెం కొంచెంగా గీకేస్తారు. బుగ్గ మీద మెరుపు, పెదవి మీద తడి అలా బయటపడతాయి. ఇదంతా అయ్యాక కొలిమిలో కాల్చాలి. గాజు ఎర్రబడి మెత్తబడేంత వేడిలో పొడి కరిగి, కింది గాజులో కలిసిపోతుంది. అలా కాలిన గీత తళతళలాడుతుంది. ఎన్ని తరాలైనా పోదు. కాలకపోతే దాన్ని పట్టుకుని ఉండేది తుమ్మబంక ఒక్కటే.

మంగరాజుతో పెళ్ళయి కొండ మీదికి వచ్చాక ఆ పని మానేసింది. ప్రసన్న పుట్టింది. చురుకైన పిల్ల. నాయనమ్మ సోములమ్మ కొంగు పట్టుకుని కొండంతా తిరిగేది. బడిలో వేసిన ఏడాదే, కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోయిన వానల్లో, దానికి జ్వరం తగిలింది. మూడోనాటికి మనిషిని గుర్తుపట్టలేదు. మంగరాజు పిల్లను భుజాన వేసుకుని రైలు పట్టాల వెంబడే శృంగవరపుకోట ఆసుపత్రికని దిగువకు నడిచాడు. కృపావతి వెనకాల గొడుగు పట్టుకుని పరిగెత్తింది. శివలింగపురం దగ్గరపడేసరికి పిల్లకు ఇక గొడుగుతో అవసరం తీరిపోయింది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగారు.

ప్రసన్నకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఉన్న ఒకటి రెండు ఫోన్లు మాట్లాడుకోవడానికి తప్ప ఫోటోలకు పనికొచ్చేవి కావు. అంగన్‌వాడీలో గుంపుగా తీసిన ఫోటో ఒకటుంది గానీ, అందులో ముందు కూర్చున్న పిల్ల తల ప్రసన్న ముఖానికి అడ్డం వచ్చింది.

మరుసటి ఏడు ఊళ్ళో రేకుల చర్చి తీసేసి సిమెంటు చర్చి కట్టారు. విశాఖలో పనిశాల మూతపడితే, అక్కడున్న చిన్న కరెంటు కొలిమినీ మిగిలిన గాజునీ సిస్టర్లు ఇక్కడికి పంపించారు. ఫాదర్ ప్రశాంత్ కృపావతి ఇంటికి వచ్చాడు.

"పీఠం వెనక కిటికీ ఒకటి చేసిపెట్టమ్మా. యేసుప్రభువు, చుట్టూ పిల్లలు. నీకు చేతనవుతుందా?"

ఆమె తలూపింది. ఒప్పుకుంటుందని ఫాదర్ కూడా అనుకోలేదు.

చర్చి వెనక షెడ్డులో పని మొదలుపెట్టింది. కిటికీ అంత కాగితం మీద బొమ్మ గీసింది. ఏ ముక్కకు ఏ రంగో రాసుకుని, సీసం పట్టీ దళసరికి చోటు వదిలి, కాగితాన్ని ముక్కలుగా కత్తిరించింది. ఒక్కో ముక్కను గాజు మీద పెట్టి, అంచు వెంబడి చక్రం కత్తితో గీసి, కింద నుంచి చిన్నగా తట్టి విరిచింది. ప్రభువు అంగీకి నీలం, పిల్లల బట్టలకు పసుపూ ఆకుపచ్చా, ముఖాలకు లేత గులాబీ. ప్రభువు ఒళ్ళో కూర్చున్న పిల్ల ముఖం మాత్రం అన్నిటికన్నా చివర పెట్టుకుంది.

ఆ ముఖం వేస్తున్నప్పుడు సోములమ్మ అన్నం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. వెలుతురుకి ఎత్తిపట్టిన గాజును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మ, ఇది మన గుంట ప్రసన్నే కదే!"

"అవునత్తా."

"పైపెదవి అలాగే ఎత్తినట్టుండీది. అలిగినప్పుడు. నీకెలాగ వచ్చిందే అది?"

సోములమ్మ అన్నం గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని, సాయంత్రం దాకా ఆ గాజునే చూస్తూ కూర్చుంది.

తక్కిన ముక్కలన్నీ బాగానే కాలాయి. ప్రసన్న ముఖం కొలిమిలో పెట్టిన రోజు గాలివాన. కొలిమి వేడెక్కుతూ ఉండగా, ఇంకా ఎర్రబడకముందే, ఎక్కడో తీగల మీద చెట్టు పడి కరెంటు పోయింది. వేడి గాజుకు గాలి తగిలితే పగిలిపోతుంది కనక తలుపు తీయకూడదు. చల్లారేదాకా ఆగి తీసింది. ముఖం చెక్కుచెదరలేదు. కానీ గీతల మీద మెరుపు లేదు. బొగ్గుతో గీసినట్టు మసకగా ఉన్నాయి.

మళ్ళీ కాల్చాలని ఆమెకు తెలుసు. రెండోసారి పెట్టిన గాజు ఒక్కోసారి కొలిమిలోనే చిట్లిపోతుందని కూడా తెలుసు. కరెంటు వచ్చింది. ముక్కను కొలిమి దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చుకుంది. మర్నాడూ అదే పని చేసింది.

"బాగానే ఉంది కదే, ఇంకేటి ఆలోచిస్తన్నావు?" అన్నాడు మంగరాజు.

"సరిగా కాల్లేదు."

"మళ్ళీ కాలిస్తే?"

"పగిలితే మళ్ళీ వెయ్యలేను. ఇది ఒక్కసారే వచ్చింది."

"అయితే ఒగ్గేయ్."

అలాగే వదిలేసింది. సీసం పట్టీల గాడిలో ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి దూర్చి, కీళ్ళ దగ్గర టంకం పెట్టి, సందుల్లో లప్పం కూరి కిటికీ పూర్తి చేసింది. పండుగ నాటి ఉదయం ఎండ పడితే ఊరు ఊరంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు "ప్రసన్న, ప్రసన్న" అని చెప్పుకున్నారు.

తరవాత అనూష పుట్టింది. నడక వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం కిటికీ ముందు నిలబెట్టి, "అదిగో అక్క, దండం పెట్టు" అనేవారు. అనూష తలెత్తి దండం పెట్టేది. ఇంట్లో ఏ తప్పు చేసినా, "మీ అక్క ఇలాగ సేసీది కాదు" అనేవారు.

చలికాలంలో ఆ కొండల్లో మంచు దట్టంగా దిగుతుంది. కిటికీకి లోపలివైపు చెమట పట్టినట్టు నీళ్ళు జారతాయి. బొమ్మ గీసింది ఆ వైపే. ముందు కనుబొమ్మ ఒకటి పల్చబడింది. ఇంకో చలికాలానికి జుట్టు పాపిడి పోయింది. కృపావతికి తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ కిటికీని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పొడిగుడ్డతో తక్కిన ముక్కలు తుడిచి, ఆ ముఖాన్ని మాత్రం నోటితో ఊది వదిలేసేది. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. చెబితే తను కాల్చకుండా వదిలేసిన సంగతి కూడా చెప్పాలి. సోములమ్మ పోయేదాకా ఆ పెదవి మాత్రం మిగిలే ఉంది. ఆ తరవాత గీతలు చెదిరి, దగ్గర్నుంచి చూస్తే మసి మరకల్లా కనిపించేవి.

అనూష అరకులో ఇంటర్ చదువుతూ క్రిస్మస్ సెలవులకు వచ్చిన ఏడాది, విశాఖ ఆసుపత్రిలో ఉన్న తన తల్లిని చూడడానికి కృపావతి వెళ్ళింది. ఊళ్ళో ఆడపిల్లలందరూ కలిసి చర్చి కడిగారు. పండుగ ముందురోజు కృపావతి తిరిగొచ్చేసరికి అనూష స్టేషన్‌కి ఎదురొచ్చి సంచి అందుకుంది.

"అమ్మా, ఈసారి కిటికీ నేను తుడిసినాను. నిచ్చెన ఏసుకుని, సబ్బునీళ్ళతోటి. అక్క మొకం మీద ఎంత మసి పట్టేసిందో తెలుసా? గుడ్డంతా నల్లగా అయిపోనాది!"

కృపావతి ఆ మాట పూర్తిగా వినలేదు. కొండ దారిలో ఆమె అంత వేగంగా ఎక్కడం అనూష ఎప్పుడూ చూడలేదు. చర్చిలో పొద్దు వాలుతున్న వెలుతురు. ప్రభువు నీలం అంగీ మెరుస్తోంది. ఒళ్ళో పిల్లకు జడ ఉంది, గౌను ఉంది, చేతులున్నాయి. ముఖం ఉండవలసిన చోట శుభ్రమైన గులాబీ గాజు.

అనూష వెనకాల వచ్చి నిలబడింది. తల్లి వైపూ కిటికీ వైపూ మార్చి మార్చి చూసింది. అప్పటికి గాని ఆ పిల్లకు తను ఏం తుడిచిందో అర్థం కాలేదు.

"అమ్మా, నాకు తెలీదమ్మా."

"తెలీదు. నీకెలాగ తెలుస్తాది?" అంది కృపావతి. కొట్టలేదు, తిట్టలేదు.

పండుగ వెళ్ళాక షెడ్డు తాళం తీసింది. బొమ్మ గీసిన కాగితం ముక్కలు చెదలు తిని పొడయిపోయాయి. గులాబీ గాజు పలకలు కొన్ని మిగిలాయి. పొడి రుబ్బింది. ముఖం వేసింది. వెలుతురుకి పెట్టి చూసి తుడిచేసింది. మళ్ళీ వేసింది. రోజుల తరబడి అదే పని. గీత ఎక్కడ మొదలుపెట్టినా చివరికి వచ్చేది అనూష ముఖమే. ఇన్నేళ్ళుగా పొద్దున లేస్తే కళ్ళ ముందున్నది ఆ ముఖమే మరి.

"ముక్కెలాగుండీదయ్యా దానికి?" అని మంగరాజును అడిగింది.

"అనూషలాగే కదే ఉండీది."

"కాదు. వేరు."

"ఏటి వేరు?"

అదే ఆమె చెప్పలేకపోయింది. చెప్పగలిగినది సోములమ్మ ఒక్కతే. ఆమె లేదు. పై పెదవి ఎత్తినట్టుండేదని మాటలుగా గుర్తుంది. ఆ మాటను గీతలో పెడితే ఎవరి పెదవో వస్తోంది.

ఒకరోజు అనూష గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బల్ల మీద సగం వేసిన తన ముఖం తనకే కనిపించింది.

"నా మొకమే ఉంచేయమ్మా. పోలికలు కలుస్తాయి కదా. ఊళ్ళో ఎవలూ ఏటీ అనరు."

కృపావతి కుంచె దించకుండానే అంది: "నీ మొకం రోజూ చూస్తన్నాను. నీది నాకెందుకే?"

అని, తల తిప్పకుండా గాజును తడిగుడ్డతో తుడిచేసింది. తల ఎత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. ఆ మర్నాడు, సెలవులు ఇంకా అయిపోకుండానే, అనూష తండ్రిని తోడు తీసుకుని అరకు హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

కొత్తగా వచ్చిన ఫాదర్ ఏదో ఒక పిల్ల ముఖం వేసి పెట్టేయమన్నాడు. కృపావతి ఒప్పుకోలేదు. వేరే ఎవరినైనా పిలిపించుకోమంది. పిలిపించడానికి ఎవరూ దొరకలేదు. కొలిమి తుప్పు పట్టి, షెడ్డులో ఇప్పుడు కాఫీ బస్తాలు వేస్తున్నారు. కొన్నాళ్ళుగా ఆమె చూపు కూడా తగ్గింది. దగ్గర వస్తువు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది.

అనూష విజయనగరంలో నర్సింగు చదువు పూర్తి చేసి అక్కడే ఆసుపత్రిలో చేరింది. అప్పుడప్పుడు తండ్రికి ఫోన్ చేస్తుంది. మాటలయ్యాక మంగరాజు ఫోన్ భార్య చేతిలో పెడతాడు.

"తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

ఆ రోజు షెడ్డులో అన్న మాట వెనక్కి తీసుకోవాలని కృపావతికి ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నాన్నకిస్తన్నాను" అంటుంది.

పోయిన క్రిస్మస్‌కి అనూష డ్యూటీ ఉందని రాలేదు. అంతకు ముందు క్రిస్మస్‌కీ రాలేదు. కృపావతి పూజకి వెళ్ళింది గానీ లోపలికి పోలేదు. చంటిపిల్లల తల్లులు కూర్చునే వరండాలో, గోడ పక్కన కూర్చుంది. అక్కడికి పాట వినిపిస్తుంది, పీఠం వెనక కిటికీ కనిపించదు. పూజ అయ్యాక మంగరాజు బయటికొచ్చి, మెట్లు సరిగా కనబడవని చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుని లేచింది.